బాలరాజు తొందరపడి చెప్పిన సాక్ష్యం

తన ఉత్తరాలకు ఇంకొకడి ముఖం తగిలించారని బాలరాజుకు పదమూడో ఏట తెలిసింది.

ఎమ్మిగనూరు పొలిమేరలో అప్పుడొక పిల్లల ఆశ్రమం ఉండేది. నాలుగు రేకుల షెడ్లు, ప్రార్థనకు ఒక పెద్ద గది, ఒక బోరింగు. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్ళు పాతారు. కోసిగి వైపు నుంచి వలస పోయే కూలీలు పిల్లలను అక్కడ దింపి, పని అయిపోగానే వచ్చి తీసుకుపోతామని చెప్పేవారు. చాలామంది వచ్చేవారు. బాలరాజు అమ్మానాన్నలు మాత్రం రాలేదు. ఏమయ్యారో ఎవరూ కనుక్కోలేదు. కూలికి పోయినవాళ్ళు కనబడకపోతే వెతకడానికి ఎవరికి తీరిక?

ఆశ్రమంలో ఒక్కో పిల్లవాడికి సముద్రాల అవతల ఒక్కో దాత. మూడు నెలలకొకసారి దాతకు ఉత్తరం రాయాలి. ఆశ్రమం నడిపే అయ్యగారి కూతురు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, కింద పిల్లవాడి చేతిరాత కూడా జతచేసి పంపేది. బాలరాజు రాత అచ్చు వేసినట్టు ఉండేది. ఎవరికో మొక్కుబడిగా రాయడం అతనికి చేతకాలేదు. ఆశ్రమంలో ఒక నల్లమేక ఉండేది. ఎప్పుడు చూసినా బొంబాయికి పారిపోయేవాళ్ళలా తప్పించుకుపోతుందని, ఉత్తరాల్లో మాత్రం దానికి బొంబాయి అని పేరు పెట్టాడు. బాలరాజు ఆరేళ్ళపాటు ఆ మేక సంగతులే రాశాడు. బొంబాయి అయ్యగారి పంచె తిన్నది, బొంబాయి ఈనింది, బొంబాయి పిల్ల నా వెనకాలే బడికి వచ్చింది. అతని దాత అయిన దొరసాని కూడా మేక గురించే అడిగేది. ఆమె రాసిన ప్రతి కాగితం "ప్రియమైన బాలరాజూ" అని మొదలయ్యేది. ఆ పిలుపు కోసం అతను పోస్టుమాన్ సైకిలుకు ఎదురుపోయేవాడు.

ఒక చలికాలం ఆ దొర, దొరసాని పిల్లవాణ్ణి చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ముందురోజు అయ్యగారు బాలరాజును, జయన్నను గదిలోకి పిలిచాడు.

"రేపొక్క పూట వీడు బాలరాజు, నువ్వు జయన్న. తెలిసిందా?" అన్నాడు.

తెలియలేదు. అయ్యగారు విసుక్కుంటూ బీరువాలోంచి ఫైలు తీసి చూపించాడు. బాలరాజు అని పేరున్న కాగితం మీద జయన్న ఫోటో అంటించి ఉంది. జయన్నకు నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయి. బాలరాజుది మెల్లకన్ను. మెల్లకన్ను పిల్లవాణ్ణి చూస్తే దాతకు మనసు రాదని అయ్యగారి నమ్మకం. వస్తుందో రాదో తేల్చుకునే అవకాశం ఆ దాతకు ఎవరూ ఇవ్వలేదు. దయ చూపేవాళ్ళకు అందమైన ముఖం ఉండాలని ముందే నిర్ణయించేవాళ్ళు దయ లేనివాళ్ళే.

మరునాడు దొరసాని జయన్నను గట్టిగా కావలించుకుంది. ఎమ్మిగనూరు ఎండలు ఎరగని మనిషి గనక ఎర్ర ఉన్ని స్వెట్టరు తెచ్చింది. "బొంబాయి ఎక్కడ?" అని అయ్యగారి కూతురు చేత అడిగించింది. జయన్న నోరు తెరిచి అయ్యగారి వైపు చూశాడు. నీళ్ళ గ్లాసుతో పక్కనే నిలబడిన బాలరాజుకు ఆ క్షణంలో మేక ఎక్కడుందో తెలుసు. షెడ్డు వెనక తుమ్మచెట్టుకు కట్టేసి ఉంది. అయినా నోరు విప్పలేదు. దొరసాని అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని చిన్నగా తల ఊపింది. ఆరేళ్ళ ఉత్తరాలకు ఆమె నుంచి అతనికి నేరుగా అందిన జవాబు అంతే.

ఇప్పుడు బాలరాజుకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్ళ మీద మార్కా రాస్తాడు. గట్టిగా నొక్కి కట్టిన పత్తి బేలు మీద మిల్లు పేరు, నంబరు కుంచెతో రాయడం అతని పని. పత్తి కాలం అయిపోయాక గోడల మీద, ఆటోల మీద, గుడిసె చర్చిల మీద అక్షరాలు రాస్తాడు. పేరెక్కడా వేసుకోడు. భార్య దేవమ్మది కోసిగి దగ్గర పల్లె. జొన్నరొట్టెలు చేసి ఖానావళి హోటళ్ళకు పంపుతుంది. పెళ్ళయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. ఆస్పత్రులకు తిరగడం నాలుగేళ్ళ కిందటే మానేశారు. మానేశాక ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

పోయిన ఏడు వేసవిలో ఆస్పత్రి గోడ మీద రాసే పని దొరికింది. రాయాల్సిన మాటలు కాగితం మీద ఇచ్చారు. బిడ్డ వద్దనుకుంటే చెత్తకుండీలో పడేయకండి, ఊయలలో పడుకోబెట్టండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. అలాంటివి అతను వంద రాసి ఉంటాడు. ఆ రోజు "బిడ్డ" అని రాసి, తర్వాతి అక్షరానికి కుంచె ఎత్తాడు. చేయి ముందుకు పోలేదు.

ఏ గొంతూ వినబడలేదు. వెలుగూ కనబడలేదు. ఇది తర్వాత చాలామంది అడిగారు, అతను చాలాసార్లు నిజమే చెప్పాడు. ఇంటికి తాళం వేశానా లేదా అని బస్సెక్కాక గుర్తొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వెనక ఎవరో నిలబడి రంగు ఆరేదాకా కాచుకున్నట్టు ఉంది. తిరిగి చూస్తే మజ్జిగ అమ్మేవాడు తప్ప ఎవరూ లేరు. రంగు చుక్క కారి చెప్పు మీద పడింది.

ఆ సంగతి కడుపులో పెట్టుకుని వారం తిరిగి ఉంటే ఏమయ్యేదో. మూడో రోజే ఆదివారం. వాళ్ళ చర్చి సంఘంలో పాటల తర్వాత సాక్ష్యాలు. లేచి నిలబడి, దేవుడు చేసిన మేలు చెప్పి కూర్చోవాలి. ఒకరికి జ్వరం తగ్గి ఉంటుంది, ఒకరి బర్రె దొరికి ఉంటుంది. పదేళ్ళలో ఎన్నడూ లేవని బాలరాజు ఆ రోజు లేచాడు. ఆస్పత్రి గోడ గురించి చెప్పాలనుకున్నాడు. నోట్లోంచి మాత్రం, "ప్రభువు మాకొక బిడ్డను ఇస్తానన్నాడు" అని వచ్చింది.

హల్లెలూయ అని గది అదిరింది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న దేవమ్మను పక్కనున్న భీమక్క రెండు చేతులా పట్టుకుంది.

"ఏమ్మే, ఎన్నో నెల? మాకు సెప్పనే లేదు గదే!"

దేవమ్మ భీమక్క వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. ఆ చూపుకు బాలరాజు కంగారుపడ్డాడు.

"కడుపున కాదు... తెచ్చుకునే బిడ్డ," అన్నాడు.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. పాస్టరయ్యకు ముందుగా అర్థమైంది. ఆయన కన్నీళ్ళు పెట్టుకుని పావుగంట ప్రార్థన చేశాడు. పేరు తెలియని ఆ బిడ్డ పాలపళ్ళు, పుట్టువెంట్రుకలు, చదువు, పెళ్ళి అన్నీ ఆ ప్రార్థనలో అయిపోయాయి. ఇక వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. సాక్ష్యం చెప్పి కాదన్నవాణ్ణి ఆ సంఘంలో ఎవరూ ఎరగరు.

ఇంటికి నడుస్తూ రెండు సందులు దాటారు. అప్పుడు దేవమ్మ నిదానంగా అడిగింది.

"దేవుడు నీకు సెప్పినాడు. నాకేమిటికి సెప్పలేదు? నేను ఇంట్లోనే ఉంటిని గదా."

బాలరాజు ఆస్పత్రి గోడ దగ్గర చేయి ఆగిన సంగతి చెప్పాడు.

"నీకు ఆస్పత్రి గోడకాడ సెప్పినాడంట. నేను పొద్దున్నే నాలుగ్గంటలకు లేసి పిండి కలుపుతాండా. అప్పుడు సెప్పచ్చు గదా? నాకు పని ఉండాదని సెప్పలేదా?"

"ఎగతాళి సెయ్యగాకు దేవమ్మా."

"ఎగతాళి కాదప్పా. అడుగుతాండా."

ఆ ప్రశ్న అతన్ని తొలిచింది. చెప్పింది దేవుడే అయితే, బిడ్డను చంకనెత్తుకోవాల్సిన మనిషికి చెప్పకుండా ఎందుకుంటాడు? చెప్పింది దేవుడు కాకపోతే, సంఘం ముందు తాను పలికింది ఏమిటి?

పాస్టరయ్య దగ్గరికి పోయాడు. "దేవుని పిలుపో, నీ పంతమో, అది నువ్వే కనుక్కోవాలప్పా," అన్నాడాయన. మూడు రోజులు ఉపవాసం ఉండమన్నాడు. ఉన్నాడు. తలనొప్పి వచ్చింది. బేళ్ళ మీద రాసే నంబర్లలో ఏమైనా సూచన ఉందేమోనని చూశాడు. నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి వరసగానే వచ్చాయి.

అప్పుడొక పని చేశాడు. పాత కాలంలో ఒకాయన గొర్రెబొచ్చు ఆరుబయట పరిచి, మంచు దాని మీద మాత్రమే పడితే నీ మాట నమ్ముతానని దేవుణ్ణి అడిగిన సంగతి పాస్టరయ్య ప్రసంగాల్లో విన్నాడు. గొర్రెబొచ్చు లేదు గాని ఆదోనిలో పత్తికి కరువా? పొద్దుగూకేవేళ మిద్దె మీద పిడికెడు దూది పరిచి, ప్రార్థన చేసుకుని కిందికి దిగాడు. తెల్లారి చూస్తే దూది ఎండిపోయి కరకరలాడుతోంది. మిద్దె ఎండిపోయి ఉంది. ఊరంతా ఎండిపోయి ఉంది. వైశాఖంలో ఆదోనిలో మంచు ఎక్కడ పడుతుంది? రెండో రోజూ అంతే. మూడో రోజు దూది లేనే లేదు. పక్కింటి మేక నములుతూ కనబడింది.

"మేకకేం సెప్పినాడంట దేవుడు?" అని దేవమ్మ కింది నుంచి అరిచింది.

అతనికి నవ్వు రాలేదు. ఆ మేక నల్లది.

సంఘం మాత్రం మర్చిపోలేదు. ప్రతి ఆదివారం భీమక్క వాకిట్లోనే పట్టుకునేది. "ఏమప్పా బాలరాజూ, మీ పాప యాడిదాకా వచ్చింది? గుంతకల్లు దాటిందా?" ఆ మాటల పోటు పడలేకనో, నిజంగానే కావాలనో, అతను ఇర్ఫానా నడిపే ఆన్‌లైన్ సెంటరుకు పోయాడు. ఆధార్ కార్డులు, పెళ్ళి సర్టిఫికెట్టు, డాక్టరు కాగితాలు అన్నీ ఆమె ఎక్కించింది. ఎవరినో ఇంటికి తెచ్చుకుని పెంచుకుంటే సరిపోదని, దత్తత అంటే ఈ దారే అని ఆమే వివరంగా చెప్పింది. పసిబిడ్డలైతే ఏళ్ళు పడుతుంది, ఐదారేళ్ళ పిల్లలైతే త్వరగా రావచ్చు అంది.

"అన్నా, ఈడ వదిన సంతకం కూడా కావల్ల. ఇద్దరూ ఒప్పుకోవల్ల," అంది.

దేవమ్మ చేతికి అంటిన పిండి తుడుచుకుని వచ్చి సంతకం పెట్టింది. "సంతకం పెడితిని. ఒప్పుకున్నాననుకోవద్దు," అంది. ఇర్ఫానా కంప్యూటరు వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

ఒప్పుకోలేదన్న సంగతి మూడు నెలలకు అధికారి మేడం ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు బయటపడింది. ఆమె అన్నీ బాగున్నాయని రాసుకుని, చివరికి, "మీకు ఇష్టమేనామ్మా?" అని దేవమ్మను అడిగింది.

"ఆయనకు దేవుడు సెప్పినాడంట మేడం."

మేడం కలం కింద పెట్టింది. "నేను మిమ్మల్ని అడుగుతున్నాను."

"నాకింగా తెల్దు."

కాగితాలు సంచిలో పెట్టుకుంటూ మేడం, తెలిశాక ఫోను చేయమంది. కోపంగా అనలేదు. తెలియకుండా పిల్లను తీసుకోవడం పిల్లకు మంచిది కాదని మాత్రం అంది. ఆ మాట బాలరాజుకు చెంపదెబ్బలా తగిలింది. పిల్లకు మంచిదా అని ఇన్నాళ్ళలో అతను ఒక్కసారీ అనుకోలేదు. దేవుడు చెప్పాడా, సంఘం ఏమంటుంది, దేవమ్మ ఏమంటుంది, ఇవే చూసుకున్నాడు.

ఆ వారంలోనే మిల్లు గేటు ముందు జయన్న ఆటో ఆగింది. జయన్న ఆదోనిలోనే ఆటో తోలతాడని బాలరాజుకు ఎప్పటి నుంచో తెలుసు. ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. ఈసారి సందు లేదు.

"రేయ్ బాలరాజూ! ఆటో ఎనక పేరు రాయించల్ల. నీకంటే బాగా రాసేటోడు యాడుండాడు?"

రాస్తూ ఉండగా జయన్న పక్కనే గొంతుక్కూర్చున్నాడు. బుగ్గల సొట్టలు గడ్డంలో కలిసిపోయాయి. ఊరంతా తెలిసిన సంగతి అతనికీ తెలుసు.

"బిడ్డను తెచ్చుకుంటాండావంట?"

"అనుకుంటాండా."

"ఆ దొరసాని నీకు మతికుండాదా?"

బాలరాజు కుంచె ఆపలేదు.

"నాకు రోజూ మతికొస్తాది," అన్నాడు జయన్న. "నన్ను కావలించుకుని మేక గురించి అడిగె. నాకేం ఎరుక? పోయినాక ఇంగ రెండేండ్లు రాసింది. నువ్వు ముందు మాదిరి రాయడం లేదేంది, నామీద కోపమా అని రాసింది. నువ్వు రాయనంటివి, నేను రాస్తే ఏముండాది దాంట్లో? అన్నం తిన్నాను, ప్రార్థన చేసినాను. కడాకు మానేసింది. స్వెట్టరు నాకిచ్చిరి, అయ్యగారి కొడుకు ఏసుకునె. నా ముఖం నీకు అంటించిరి గాని, నాకు మాత్రం ఏమొచ్చెరా?"

ఇరవై అయిదేళ్ళు ఈ మనిషిని ద్వేషించాడు బాలరాజు. ఆ ద్వేషం ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోగాకు," అన్నాడు జయన్న. "బిడ్డ కోసరం తెచ్చుకుంటాండావా, ఆ దొరసానికి సూపిద్దామని తెచ్చుకుంటాండావా?"

"దొరసాని ఇప్పుడు బతికుండాదో లేదో."

"అదే నేను సెప్పేది."

ఆ సాయంత్రం బాలరాజు ఇంటికి పోయి, పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. దేవమ్మ రొట్టె తడుతోంది.

"దేవమ్మా, నాకు దేవుడు ఏమీ సెప్పలేదేమో. నేనే అనుకుంటి. నన్ను ఎవురూ కావాలనుకోలేదని, ఆ కసి కొద్దీ అనుకుంటినేమో. ఆదివారం లేసి అందరి ముందర అదే సెప్తా. ఇడిసిపెడదాం."

దేవమ్మ రొట్టె పెనం మీద వేసింది. తడి బట్టతో పైన తుడిచింది. తిరగేసింది. ఇన్నేళ్ళలో చెప్పని మాట అప్పుడు చెప్పింది.

తనకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నలు మిరపకోతకు పోయారు. ముసలి అవ్వకు చూపు ఆనదు. ఇద్దరు చెల్లెళ్ళు, రెండేళ్ళ తమ్ముడు దేవమ్మ చేతిలో ఉన్నారు. తమ్ముడికి జ్వరం వచ్చింది. తగ్గుతుందిలే అనుకుంది. నాలుగో రోజు తగ్గింది. ఒళ్ళు చల్లబడింది. తగ్గిందని సంతోషపడి ఆడుకోవడానికి పోయింది. వచ్చి చూస్తే అవ్వ ఏడుస్తోంది.

"అమ్మ వచ్చినాక నన్నేమీ అనలేదు. ఒక్క మాట అనలేదు. కొట్టింటే బాగుండు. మనకు పుట్టకపోతే, అందుకే ఈలేదులే దేవుడు అనుకుంటి. నా చేతికి బిడ్డలను అప్పజెప్పగూడదని ఆయనకు తెలుసనుకుంటి. నువ్వు లేసి దేవుడు ఇస్తానన్నాడంటివి. అట్లయితే నా సంగతి ఆయన మరిసిపోయినాడా? ఎట్ల నమ్మల్ల నేను?"

రొట్టె మాడిన వాసన వచ్చింది.  తొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో ముగ్గురిని పెట్టి పోవాల్సి రావడం ఎవరి తప్పో బాలరాజు చెప్పగలడు. ఆ తప్పు మోయాల్సినవాళ్ళు ఎవరూ దాన్ని మోయలేదు, ఈమె మోసింది.  అతను లేచి పెనం దించాడు.

"ఇప్పుడు అడుగు," అంది దేవమ్మ.

"ఏమి?"

"దేవుడు సెప్పినాడని కాదు. నువ్వు అడుగు. ఇన్నాళ్ళూ నన్ను అడగనే లేదు గదా నువ్వు."

అతను అడిగాడు.  ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ మేడంకు ఫోను చెయ్. భయమైతాందని కూడా సెప్పు. దాచగాకు."

మేడం మళ్ళీ వచ్చింది. తమ్ముడి సంగతి దేవమ్మ ఆమెకు కూడా చెప్పింది. ఇప్పుడైతే జ్వరం వస్తే ఏం చేస్తావని మేడం అడిగింది. చేయి పెట్టి చూసి నమ్మనని, థర్మామీటరు కొంటానని దేవమ్మ చెప్పింది. మేడం ఆ జవాబు అలాగే రాసుకుంది.

ఎనిమిది నెలలకు ఇర్ఫానా ఫోను చేసింది. వేరే జిల్లా శిశుగృహలో ఆరేళ్ళ పాప. ఫోటో వచ్చింది, డాక్టరు రిపోర్టు వచ్చింది. నలభై ఎనిమిది గంటల్లో సరేనో కాదో చెప్పాలి. ఇద్దరూ సెంటరుకు పోయారు. ఇర్ఫానా తెర వాళ్ళ వైపు తిప్పబోయింది.

బాలరాజు లేచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఫోటో చూసి ఒక పిల్లను ఔననడం, కాదనడం తన వల్ల కాదన్నాడు. లోపలికి రమ్మని దేవమ్మ పిలిస్తే, "నువ్వు సూడు, నాకు రిపోర్టు సదువు," అన్నాడు. ఇర్ఫానా గట్టిగా చదివింది. తక్కువ మాట్లాడుతుంది. నిద్రలో పక్క తడుపుతుంది. పెరుగన్నం ఇష్టం.

"దుప్పట్లు రెండు ఎక్కువ కొనల్ల," అంది దేవమ్మ.

దాన్ని ఒప్పుకోలు అనుకుని ఇర్ఫానా మౌసు మీద చేయి పెట్టింది. దేవమ్మ ఆమె చేయి పట్టి ఆపి, వాకిలి వైపు చూసింది. బాలరాజు తల ఊపాడు. అప్పుడు ఆమె చేయి వదిలింది.

ఆదివారం సాక్ష్యం చెప్పమని అందరూ అడిగారు. బాలరాజు లేవలేదు. భీమక్క వచ్చి పసిపిల్ల గవును, ఒక బొంత దేవమ్మ ఒళ్ళో పెట్టింది. ఆరేళ్ళ పిల్లకు ఆ గవును చేయి కూడా దూరదని చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు.

పాపను చూసి, కాగితాలు కుదిరితే తీసుకురావడానికి బయలుదేరిన పొద్దున, బస్టాండు దాకా జయన్న ఆటోలోనే పోయారు. దేవమ్మ ఒళ్ళో రెండు కొత్త దుప్పట్లు, పెరుగన్నం డబ్బా, థర్మామీటరు ఉన్నాయి.  బస్సు కదలబోయేముందు బాలరాజు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ఇప్పుడన్నా తేలిందా, దేవుడు సెప్పినాడా లేదా?" అని జయన్న కింది నుంచి అడిగాడు.

"తెల్దు జయన్నా. నిన్న దాకా తెలిసినట్టు ఉండె, ఈ పొద్దు మళ్ళా తెల్దు. భయమైతాంది. మేమిద్దరమే ఎనక్కి వస్తే మాత్రం నీ ఆటో ఆపగాకు. ఊరు సూస్తాండగా ఇంటిదాకా నడిసే పోనీ మమ్మల్ని."